తెరవకముందే తెరిచి ఉన్న మెసేజ్‌లు

మా ఫ్యాక్టరీ పాత స్టాఫ్ ఏడాదికోసారి ఏదో ఒక ఫంక్షన్ హాల్లో కలుస్తుంటాం. బిర్యానీ అయ్యి, మజ్జిగ గ్లాసులు చేతుల్లోకి వచ్చాక, ఎవరో ఒకరు ఆ ప్యాకింగ్ అమ్మాయి సంగతి ఎత్తుతారు. "పర్మనెంట్ అయ్యే పిల్ల, పాపం. ఆ ఫస్ట్ ఎయిడ్ సిస్టర్ నోట్ల మాట ఆగక పాయె" అంటారు. మిగతావాళ్లు తలలూపుతారు. ఒకాయనైతే, సిస్టర్ ఆ మాట ఎవరి చెవిన వేసిందో, ఏ రోజు వేసిందో కూడా కళ్లారా చూసినట్టు చెబుతాడు.

ఈ కథ అబద్ధం. నాకెట్లా తెలుసంటే, దాన్ని మొదట పుట్టించింది నేనే.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో, మందు బిళ్లలు తయారు చేసే ఒక కంపెనీ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో ఇరవై నాలుగేళ్లు పనిచేశాను. సంగారెడ్డిలో డిగ్రీ చదివి గుమస్తాగా చేరాను. అసిస్టెంట్ మేనేజర్‌గా ఉండగా, యాభై రెండో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకుని బయటికొచ్చాను. నోరు ఎక్కువని పేరు. ఆ పేరు మీద నాకు అభ్యంతరం లేదు. ఆ నోరు లేకపోతే మా క్యాంటీన్‌లో ఆడవాళ్లకు కూర్చోవడానికి బల్లలు కూడా వచ్చేవి కావు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇది చదివి నవ్వుకోవచ్చు. ఫోన్ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అయినా చివరిదాకా చదవండి. ఫోన్ గురించి తెలియకపోవడం ఇందులో చిన్న తప్పు. పెద్దది వేరే ఉంది.

మా ప్లాంట్‌లోకి కెమెరా ఫోన్ పోనిచ్చేవారు కాదు. ఆఫీసు వాళ్లం తప్ప అందరూ దాన్ని గేటు దగ్గర పెట్టెలో వేసి టోకెన్ తీసుకోవాలి. అందుకని ప్యాకింగ్ ఆడవాళ్లందరి దగ్గరా బటన్ల ఫోన్లు ఉండేవి. లాకర్ గదిదాకా వాటిని అనుమతించేవాళ్లు. వాళ్లకు నేను పెట్టిన నియమం ఒకటుంది: నాకు ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టండి. నా టేబుల్ చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు, నేను ఫోన్ ఎత్తి "ఏమైంది బిడ్డా" అనగానే పదిమందీ వింటారు. మెసేజ్ అయితే నా కళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ మాట వాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపేవాళ్లు. తాగే మొగుళ్ల గురించి, మరుగుదొడ్డికి పోనివ్వని సూపర్‌వైజర్ల గురించి, పిల్లల ఫీజుల గురించి. నేను అన్నీ చదివేదాన్ని, చేతనైనంత చేసేదాన్ని.

ఇక రెండో సంగతి, ఓటీపీ. సరుకు లారీ గేటు దాటాలంటే ప్రభుత్వ పోర్టల్‌లో రవాణా బిల్లు తీయాలి. దాన్ని తెరిచినప్పుడల్లా ఒక నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు నాది. లారీలకూ నాకూ ఏ సంబంధమూ లేదు. పోర్టల్‌లో కంపెనీ పేరు ఎక్కించిన కాలంలో అకౌంట్స్‌లో ఏ మనిషీ ఆరు నెలలు నిలిచేవాడు కాదు. పదిహేనేళ్లుగా ఫోన్ నంబరు మార్చని మనిషి ఎవరని వెతికితే నేను దొరికాను. మీ ఆఫీసుల్లోనూ ఇట్లాంటి నంబరు ఒకటి ఉంటుంది, చూసుకోండి.

దాంతో గేటు పక్కన డిస్పాచ్ గదిలో కూర్చునే గుమస్తా రోజుకు పదిసార్లు ఫోన్. "మేడం, జెర ఓటీపీ చెప్పుండ్రి, డ్రైవర్ లొల్లి చేస్తుండు." స్నానంలో ఉంటే ఫోన్. వెలిమెలలో మా చిన్నాన్న కూతురి పెళ్లిలో తలంబ్రాలు పోస్తుంటే ఫోన్. ఒక చేత్తో బియ్యం, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఆరంకెలు చదివి చెప్పాను. పురోహితుడు కూడా ఆగాడు.

ఒక వానాకాలంలో డిస్పాచ్ గదికి కొత్త ట్యాబ్ వచ్చింది. దాన్ని సర్దడానికి వచ్చిన కంప్యూటర్ అతన్ని ట్యాబ్‌తో సహా నా టేబుల్ దగ్గరికి పిలిచాను.

"మేడం, దీనికి వేరే సిమ్ తీసుకుని డిస్పాచ్‌కి ఇచ్చేయండి" అన్నాడతను.

"సిమ్ కోసం ఇండెంట్ పెట్టి, అయిదుగురి సంతకాలయ్యేసరికి నేను రిటైరైత. నా ఫోన్‌కి వచ్చే మెసేజ్ ఆ ట్యాబ్‌ల గూడ కనబడేటట్టు చేయొస్తదా, రాదా? అది చెప్పు."

"చేయొచ్చు మేడం. కానీ..."

"కానీ గీనీ నాకొద్దు. చెయ్."

ట్యాబ్ మీద నల్ల గళ్ల చదరం వచ్చింది. నా ఫోన్ దానికి ఎదురుగా పట్టుకున్నాను. ఫోన్ ఏదో అడిగింది, ఊ అని నొక్కాను. అర నిమిషం పట్టలేదు. పని అయినప్పుడల్లా దీన్ని తీసేస్తే మంచిదని అతను మళ్లీ మొదలుపెట్టాడు. "దినాం పదిసార్లు గేటు దాక నడవాల్నా నేను? ఉండనీ" అన్నాను. ఉండనిచ్చాడు. ఆ "కానీ" తర్వాత ఏం చెప్పబోయాడో వినే ఓపిక నాకు లేదు. నాతో వాదించే ఓపిక అతనికి లేదు.

ఓటీపీ ఫోన్లు ఆగిపోయాయి. ఆ నెల మీటింగ్‌లో నా తెలివిని నేనే పొగుడుకున్నాను కూడా. ట్యాబ్‌లోకి ఓటీపీలు పోతాయని నా లెక్క. నా ఫోన్‌కు ఏది ఓటీపీయో, ఏది ఒక ఆడపిల్ల ఏడుపో ఎట్లా తెలుస్తుందని ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఆ తర్వాతే ఒక వింత మొదలైంది. చదవని మెసేజ్ మందమైన అక్షరాల్లో ఉంటుంది కదా. నా ఫోన్‌లో కొన్ని మెసేజ్‌లు వచ్చేటప్పటికే సన్నగా, ఎవరో చదివేసినట్టు ఉండేవి. టింగుమని మోగేది. తీసి చూస్తే కొత్తది ఏదీ కనిపించేది కాదు. రెండు రోజుల తర్వాత కిందెక్కడో దొరికేది. నేనే చూసి మరిచిపోయాననుకున్నాను. నెలసరి ఆగే వయసు, ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, మతిమరుపూ అందులో భాగమే అనుకున్నాను. డాక్టరమ్మ విటమిన్ బిళ్లలు రాసిచ్చింది. నా మెసేజ్‌లు వేరేవాళ్లు చదువుతుంటే, నేను బలానికి బిళ్లలు మింగుతూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆ అమ్మాయి. కంది వైపు నుంచి కంపెనీ బస్సులో వచ్చేది, ఇరవై ఆరేళ్లు, ప్యాకింగ్‌లో కాంట్రాక్టు కూలి. మాట తక్కువ, చేయి చురుకు. కాంట్రాక్టు నుంచి కంపెనీ రోల్ మీదికి ఎక్కే వాళ్ల లిస్టులో ఆమె పేరు నేనే పెట్టాను. లిస్టు మీద సంతకాలు కావడానికి అయిదు వారాలు ఉందనగా ఆమె మెసేజ్ వచ్చింది.

"మేడం నాకు మూడో నెల. పూత గది వాసనకు తిప్పుతుంది. ఇంతకు ముందు రెండు సార్లు పోయినయ్. ఎవ్వలకు చెప్పకుండ్రి."

మా ప్యాకింగ్ హాలు పక్కనే బిళ్లలకు పూత వేసే గది ఉండేది. అక్కడి ద్రావకాల వాసన గట్టివాళ్లకే తల తిప్పుతుంది. కడుపుతో ఉందని తెలిస్తే కాంట్రాక్టర్ మనుషులు మర్యాదగానే మాట్లాడతారు: "ఇంటికాడ రెస్టు తీస్కో అమ్మా, తర్వాత పిలుస్తం." ఆ పిలుపు రావడం ఇరవై నాలుగేళ్లలో నేను చూడలేదు. రోల్ మీదికి ఎక్కితే మాత్రం ప్రసూతి సెలవు ఆమె హక్కు, ఎవడూ కదపలేడు. నేను జవాబు రాశాను: "లిస్టు అయ్యేదాక నోరు తెరువకు. లేబుల్ రూంకి మారుస్త, కారణం నేను చూసుకుంట. సిస్టర్‌కి మాత్రం చూపిచ్చుకో."

ఎత్తు మొత్తం మూడు వాక్యాల్లో రాసి పెట్టాను. దొంగ చేతికి బీగం చెవి ఇచ్చినట్టు.

సిస్టర్ అంటే మా ఫస్ట్ ఎయిడ్ గది నర్సు. కోస్తా నుంచి వచ్చి పటేల్‌గూడలో స్థిరపడ్డ మనిషి. ఆమెకూ నాకూ మొదటి నుంచీ పడేది కాదు. ఆమె "అండీ" అంటే నాకు ఎక్కిరింపులా ఉండేది, నేను "ఏంది" అంటే ఆమె పెదవి చివర నవ్వేది. సిక్ చీటీల మీద పోట్లాడుకున్నాం, మందుల బీరువా తాళం మీద పోట్లాడుకున్నాం. కానీ పనిలో ఆమెను తప్పు పట్టే అవకాశం నాకు ఒక్కసారి కూడా దొరకలేదు. అది కూడా నాకు కోపమే.

మూడు వారాలు సాఫీగా గడిచాయి. ఆ అమ్మాయి లేబుల్ గదిలో కుర్చీలో కూర్చుని పని చేసుకుంటోంది. నాలుగో వారం సోమవారం, ఎండలు ముదురుతున్న రోజులు, పొద్దున్నే ఆమె కార్డు గేటు దగ్గర పని చేయలేదు. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ వచ్చి పేరు తీసేశామని చెప్పాడట.

నాకు ఈ సంగతి పదకొండున్నరకు తెలిసింది. అప్పటిదాకా మీటింగ్ హాల్లో ఉన్నాను. ఫోన్ ముందే బల్ల మీద ఉంది, మధ్యలో రెండు మూడుసార్లు చూశాను కూడా. ఏమీ లేదు. బయటికొస్తే క్యాంటీన్ ఆమె చెప్పింది: "మీ లేబుల్ పిల్లని గేటు కాడ ఆపిన్రట మేడం. ఇప్పుడే ఆటోల ఎల్లిపోయింది."

గేటు దగ్గరికి దాదాపు పరుగెత్తాను. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ డిస్పాచ్ గదిలో టీ తాగుతున్నాడు.

"ఎవలు తీసెయ్యమన్నరు?"

"తీసేసుడు కాదు మేడం. ఒట్టి మనిషి కాదు గద, రెస్టు తీస్కోమన్నం. లేబుల్ రూంల కూసోబెట్టి ఎన్ని దినాలు దాస్తరు మీరు?"

కడుపు సంగతే తెలిస్తే ఏమో అనుకోవచ్చు. "దాస్తరు" అనే మాట, లేబుల్ గది వెనక ఉన్న ఎత్తు, ఇవి ఇతని నోట్లోకి ఎట్లా వచ్చాయి? ఎవరు చెప్పారని అడిగితే, "గాలికి తెలుస్తయ్ మేడం" అని గ్లాసు కింద పెట్టాడు.

ఆ అమ్మాయి కాక ఈ సంగతి తెలిసింది ఇద్దరికి. ఒకరు నేను. నేను చెప్పలేదు. అయితే రెండో మనిషి. ఇంతకన్నా బలమైన వాదన నా జీవితంలో నేను చేసి ఉండను.

ఫస్ట్ ఎయిడ్ గది తలుపు తట్టకుండా వెళ్లాను. సిస్టర్ కత్తెరలు మరగబెడుతోంది.

"ఎంత మంచిగ పగ తీర్చుకున్నవ్ సిస్టర్. నా మీద కోపముంటే నా మీద చూపియ్యాలె. కడుపుతోని ఉన్న పిల్ల ఏం చేసింది?"

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక స్టవ్ ఆపింది.

"ఇరవై ఏళ్లుగా ఈ గదిలో కూర్చుంటున్నానండీ. నోరు జారే మనిషినైతే మీ గురించే చాలా చెప్పేదాన్ని కదా."

"నీకు నాకు తప్ప మూడో మనిషికి తెల్వదు."

"ఆ అమ్మాయి మీకెలా చెప్పింది? నోటితోనా?"

"మెసేజ్ పెట్టింది."

"అయితే ముందు మీ ఫోన్ ఎవరెవరు చూస్తారో అది చూసుకోండి."

నా ఫోన్ ఎవడు చూస్తాడు? నా పర్సులోంచి తీసే ధైర్యం ఎవడికుంది? ఆ మాటను నేను తిట్టుగా తీసుకున్నాను. ఆ మధ్యాహ్నమే ప్లాంట్ మేనేజర్‌కు రెండు పేజీల ఉత్తరం రాశాను. ఆరోగ్య విషయాలు బయటపెట్టిన నర్సును ఉంచరాదని. నా ఉత్తరాలు బాగుంటాయని పేరు. అది మరీ బాగా కుదిరింది. నెల తిరిగేలోపు సిస్టర్ కాంట్రాక్టు ఆపేశారు. పోయే రోజు తన స్టీలు టిఫిన్ డబ్బా, స్వెటర్ తీసుకుని నా టేబుల్ ముందు నుంచే నడిచింది. నా వైపు చూడలేదు. నేనూ ఫైల్లోంచి తల ఎత్తలేదు.

అమ్మాయి కోసం నేను ఊరుకోలేదు, అది కూడా చెప్పుకోవాలి. కాంట్రాక్టర్‌తో గొడవ పడ్డాను, మేనేజర్‌తో గొడవ పడ్డాను. లిస్టు వచ్చేసరికి ఆమె పనిలో లేదు కాబట్టి పేరు కొట్టేశారు. ఆమె నంబరుకు చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడదామని తెరిస్తే, కింద ఆమె మెసేజ్‌లు మూడు కనిపించాయి. ఆ సోమవారంవే. సన్న అక్షరాల్లో ఉన్నాయి. చదివినవి.

ఇవి నేనెప్పుడు చదివాను? మీటింగ్‌లో చూసి, బుర్రకు ఎక్కక, పక్కన పెట్టేశానా? అంత చెడిపోయిందా నా తల? భయంతో ఆ వారమే రక్త పరీక్షకు ఇచ్చాను. ఈ మూడు మెసేజ్‌ల సంగతి ఎవరికీ చెప్పలేదు. సిస్టర్ మీద రెండు పేజీలు రాసిన దాన్ని, నా గురించి ఒక వాక్యం రాయలేకపోయాను.

ఇక అసలు సంగతి బయటపడిన రోజు. ఇన్సూరెన్స్ కాగితాల మీద సంతకానికి డిస్పాచ్ గదికి వెళ్లాను. గుమస్తా లారీ బిల్లు తీస్తున్నాడు. నేను కళ్లద్దాల కోసం పర్సు వెతుకుతున్నాను. అతను ట్యాబ్ మీంచి తల ఎత్తకుండా, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా అన్నాడు:

"మేడం, మీ విటమిన్ రిపోర్టు వచ్చినట్టున్నది. మంచిగనే ఉందట."

ఫోన్ తీశాను. ల్యాబ్ నుంచి మెసేజ్. సన్న అక్షరాల్లో. నేను తెరవలేదు. తెరిచి ఉంది.

ట్యాబ్ నా వైపు తిప్పుకున్నాను. వేలుతో కిందికి జరుపుతూ పోయాను. ఓటీపీ, ఓటీపీ, ఓటీపీ. వాటి మధ్యలో ఒక ఆమె మొగుడి తాగుడు. ఓటీపీ. ఇంకో ఆమె మరుగుదొడ్డి ఫిర్యాదు. ఓటీపీ. గ్యాస్ బుకింగ్. నా చెల్లెలితో నా పోట్లాట. ఓటీపీ. "మేడం నాకు మూడో నెల." దాని కింద నా జవాబు, నా ఎత్తు, అక్షరం పొల్లుపోకుండా. ట్యాబ్ గాజు మీద టీ మరక గుండ్రంగా ఎండి ఉంది.

"ఇవన్ని ఎప్పటిసంది వస్తున్నయ్?" అన్నాను.

"మీరు పెట్టిచ్చిన కాడి నుంచి మేడం."

"చదువుతున్నరా?"

"మీరే గద ఓటీపీ చూసుకోమన్నరు. ఓటీపీ కోసం తెరిస్తే అన్ని కండ్ల ముందట ఉంటయ్. మేం ఏం జెయ్యాలె?"

"నాకెందుకు చెప్పలేదు?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీకు తెల్వదని మాకెట్ల తెలుస్తది మేడం? మీ ఫోనే గద. మీరు అన్ని తెలిసినోళ్లు."

కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ రోజూ పొద్దున కూలీల హాజరు ఇవ్వడానికి కూర్చునేది ఆ బల్ల దగ్గరే. మూడు షిఫ్టుల మనుషులు ఆ ట్యాబ్ ముట్టుకుంటారు. అక్కడ ఎవరు తెరిచినా నా ఫోన్‌లో చదివినట్టే అవుతుందని, ఆ కంప్యూటర్ అతను తర్వాత నాకు ఓపికగా చెప్పాడు. నా తలకు ఏ జబ్బూ లేదు. అంతకంటే చెడ్డ వార్త నాకు ఎవరూ చెప్పి ఉండరు.

సిస్టర్ ఇంటికి పోయాను. లోపలికి రమ్మంది, మంచినీళ్లిచ్చింది. నేను చెప్పిందంతా విన్నది.

"నేనన్నాను కదండీ" అంది, అంతే.

"తప్పయింది సిస్టర్."

"నాతో చెప్పుకుంటే ఏం లాభం? నా మీద రాసిచ్చారు కదా, అలాగే దీన్నీ రాసివ్వండి. నోటీసు బోర్డు మీద పెట్టమనండి."

రాశాను. ఈసారి అర పేజీ. మేనేజర్ చదివి సొరుగులో పెట్టాడు. "అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతరు మేడం? మెసేజ్‌లు బయటికి పోయినయంటే ఆడిట్‌ల మీ పేరే వస్తది." బోర్డు మీదికి అది రాలేదు. మూడుసార్లు అడిగాను, తర్వాత స్వచ్ఛంద విరమణకు కాగితం పెట్టాను. మోకాళ్ల నొప్పులని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను. బోర్డు మీదికి రావలసిన కాగితం ఇదిగో, ఇప్పుడు మీరు చదువుతున్నది.

ఆ అమ్మాయిని చివరికి కందిలోనే కలిశాను. బిడ్డ నిలిచింది. ఆడపిల్ల, అప్పటికి బోర్లా పడుతోంది. హాస్టల్ వంటశాలలో కూరగాయలు తరిగే పని దొరికిందట. నన్ను చూసి చాప వేసింది. నేను ట్యాబ్ సంగతి చెబుతుంటే బిడ్డ మూతి తుడుస్తూ విన్నది.

"మీరు చూసి ఊకున్నరనుకున్న మేడం" అంది. "పెద్దోళ్లకు ఏం కష్టమొచ్చిందో అనుకున్న. ఫోన్ చేద్దునేమో గాని, చెయ్యొద్దంటిరి గద."

ఆ మూడు మెసేజ్‌లు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. మొదటిది: "మేడం గేటు కాడ ఆపిన్రు." రెండోది ఇరవై నిమిషాలకు: "మేడం పేరు తీసేసిన్రట. జెర రారి." మూడోది పది దాటాక: "మేడం కండ్లు తిరుగుతున్నయ్. ఎండల ఉన్న. ఎవల్నన్న పంపుండ్రి."

ఆ సోమవారం ఆమె ఎండలో కూర్చున్న సిమెంటు బల్ల డిస్పాచ్ గది కిటికీకి ఎదురుగా ఉంటుంది. ఉద్యోగం మానేసే ముందు ఒకరోజు నేను నడిచి చూశాను. ట్యాబ్ ఉన్న చోటి నుంచి ఆ బల్ల ఎనిమిది అడుగులు. మధ్యలో తలుపు తెరిచే ఉంటుంది. నీళ్ల డ్రమ్ము తలుపు పక్కనే.

ఆ మూడో మెసేజ్‌ను ఎవరో తెరిచారు. నేను చూసేసరికి అది చదివి ఉంది. ఆ వేలు ఎవరిదని అడగడం మానేశాను, అందరూ నేను కాదంటారు, నేనూ ఒకప్పుడు అట్లాగే అన్నాను. అడగాలనుకుంటున్నది ఒక్కటే. అది చదివిన మనిషి, ఆ తర్వాత తల ఎత్తి, కిటికీలోంచి బయటికి చూశాడా?